సున్నా రాయని చెయ్యి

బ్యాటరీకి పాస్‌పోర్టు ఉండాలట. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు పగలబడి నవ్వాను. అరవై అయిదేళ్ళొచ్చాయి, నాకే లేదు పాస్‌పోర్టు. దుర్గ్‌లో రైలెక్కి విజయనగరంలో దిగడం, పెళ్ళో పురుడో చూసుకుని మళ్ళీ అదే రైలెక్కి వచ్చేయడం, ఇదే నా దేశాటన. అలాంటిది ఒక బ్యాటరీకి, దాన్ని నిలబెట్టే ఇనప చట్రానికి, ఎక్కడ పుట్టింది, ఎవరు కన్నారు, పుట్టేటప్పుడు ఎంత పొగ వదిలింది, ఇదంతా రాసిన కాగితం ఉంటే తప్ప యూరప్ గడప తొక్కనివ్వరట. నవ్వక ఏం చెయ్యను?

నేను భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు బ్యాటరీ రూములో పనిచేశాను. ప్లాంటులో కరెంటు పోయినా ఆగకూడని యంత్రాలు కొన్ని ఉంటాయి. ఆ కాసేపూ వాటిని నడిపేవి మా గదిలో వరసలు తీరి కూర్చున్న ఆసిడ్ బ్యాటరీలు. ప్రతి షిఫ్టులోనూ వాటి వోల్టేజీ చూడాలి, ఆసిడ్ చిక్కదనం చూడాలి, నీళ్ళు తగ్గితే పొయ్యాలి, చూసిందంతా లాగ్‌షీటులో రాయాలి. ఆ ఆసిడ్ తుంపరకి నా చొక్కాలన్నీ చిల్లులే. మా ఆవిడ నాకు మంచి బట్ట కొనడమే మానేసింది. ఇప్పుడు టీవీలో సూటు వేసుకున్నవాళ్ళు కూర్చుని ఎనర్జీ స్టోరేజీ అంటూ, అదేదో నిన్న సాయంత్రం వాళ్ళే కనిపెట్టినట్టు చెప్తుంటే ఒళ్ళు మండిపోతుంది. అన్నేళ్ళు మేం చేసిందేమిటి మరి, పప్పు రుబ్బామా?

ఆ లాగ్‌షీటు గురించి ఇంకో మాట చెప్పాలి, నా కొంప ముంచింది అదే కాబట్టి. ప్లాంటులో లాగ్‌షీటులో ఖాళీ గడి ఉండకూడదు. ఫర్నేసు దీపావళికి ఆగదు, హోలీకి ఆగదు, మనలో ఒకడు పోయినా ఆగదు. అది ఆగదు కాబట్టి కరెంటూ ఆగదు, కరెంటు ఆగదు కాబట్టి గడిలో ఏదో ఒక అంకె ఉండి తీరాలి. గడి ఖాళీగా ఉందంటే అర్థం ఒక్కటే, ఎవడో చూడ్డం మర్చిపోయాడని. అప్పుడు పైన గడి, కింద గడి చూసి మధ్యస్థంగా ఒక అంకె వేసేవాళ్ళం. ఎప్పుడో ఏడాదికి ఒకసారి జరిగేది. అది మోసమని మాలో ఎవరికీ తోచలేదు. నేను చేరిన కొత్తల్లో మా ఫోర్‌మనే నేర్పాడు, "ఖాళీ మత్ ఛోడో", ఖాళీ వదలొద్దు అని నెత్తిన మొట్టి మరీ నేర్పాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో కరెంటు గడిలో నా చేత్తో సున్నా వేసిన రోజు ఒక్కటీ లేదు.

రిటైరై స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక నాకు పిచ్చెక్కింది. పేపరు ఎంతసేపు చదువుతాం? ఇండస్ట్రియల్ ఏరియాలో మనవాళ్ళబ్బాయి ఒకతను చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాడు. వాళ్ళ నాన్న, నేను ఒకే బస్సులో డ్యూటీకి వెళ్ళినవాళ్ళం. ఇనప ఛానళ్ళు కోయడం, వెల్డింగు చెయ్యడం, రంగు వెయ్యడం, ప్లాంటు పనులు ఏవొస్తే అవి. "అంకుల్, ఊరికే ఇంట్లో కూచుని ఏటి చేస్తారు, రండి" అన్నాడు. వెళ్ళాను. జీతగాణ్ణి కాదు, హాజరు పట్టీలో పేరు లేదు. ఒక కుర్చీ, ఒక బల్ల, టీ.

అలా ఉండగా ఆ షెడ్డుకి యూరప్ ఆర్డరు వచ్చింది. ఎండ నుంచీ గాలి నుంచీ తీసిన కరెంటుని దాచి పెట్టుకోడానికి వాళ్ళు ఇళ్ళంత పెద్ద బ్యాటరీలు కట్టుకుంటున్నారు. ఆ బ్యాటరీలు నిలబెట్టే ఇనప చట్రాలు మేం చెయ్యాలి. అంతకుముందు వాటిని చేసిన దేశంతో వాళ్ళకి తగువొచ్చింది. ఒకరు సుంకం పెంచుతారు, ఇంకొకరు బ్యాటరీల్లో వాడే గ్రాఫైటు పంపకుండా బిగపడతారు, పెద్దవాళ్ళు పెద్దవాళ్ళు కొట్టుకుంటారు. ఆ కొట్లాటలో రాలిన పని మా షెడ్డులో పడింది. పక్కనున్న మరోదా నుంచి సైకిళ్ళ మీద వచ్చే వెల్డర్లకి చేతి నిండా పని దొరికింది. నాకూ సంబరంగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఆర్డరుతో పాటు కాగితాలు కూడా వచ్చాయి. చట్రం ఒక్కింటికి ఎంత కరెంటు వాడారు, ఏ రోజు ఎంత, ఆ కరెంటు ఏ బొగ్గుది, ఆ ఉక్కు ఏ ఫర్నేసుది, అన్నీ వాళ్ళ కంప్యూటర్ పేజీలో నింపాలి. ఆ పని చూడ్డానికి యజమాని ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆ పిల్ల మా ప్లాంటు సెక్టారు క్వార్టర్ల వరసలోనే పుట్టింది. వాళ్ళ నాన్నది బొబ్బిలి వైపు, ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఇంజనీరింగు చదివి, ఈ పొగ లెక్కల మీద ఇంకో కోర్సు చేసింది. నన్ను బాబాయ్ అంటుంది. ఇంట్లో తెలుగు, నోట్లో హిందీ. దానికి అదే మొదటి ఉద్యోగం. ఆ కంప్యూటర్ పేజీలో సంతకం దానిదే. "ఈ అంకెలన్నీ కొలిచినవే, ఊహించి వేసినవి కావు" అన్న గడిలో టిక్కు పెట్టి, పేరు కొట్టాలి.

వెల్డింగు లైనుకి వేరే చిన్న మీటరు బిగించారు. పొద్దున్న బటన్ నొక్కితే అంకె మొదటికొస్తుంది, సాయంత్రానికి ఎంత చూపిస్తే అంత రిజిస్టరులో రాయాలి. రోజూ రాసేదెవరు అన్నారు. ఇంకెవరు? నేను ఛాతీ విరుచుకుని "నేనుండగా మీకేటి బెంగ" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

విశ్వకర్మ పూజ వచ్చింది. భిలాయిలో ఆ రోజు చిన్న షెడ్లలో ఎవరూ పనిముట్టు ముట్టరు. ప్లాంటులో అయితే యంత్రం ఓ పక్క నడుస్తూనే ఉంటుంది, ఓ పక్క పూజా అవుతుంది. షెడ్డులో అలా కాదు, మెయిన్ స్విచ్ దించేస్తారు. వెల్డింగు సెట్లు కడిగి పసుపు రాశారు, గ్రైండర్లకి బొట్లు పెట్టారు. వెల్డర్లు వాళ్ళ రాడ్డు పట్టే హోల్డర్లు, నేను నా పెన్ను, రిజిస్టరు దేవుడి ముందు పెట్టాం. పూరీ, బూందీ తిన్నాం. పూజలో పెట్టింది మర్నాటి దాకా ముట్టకూడదు కాబట్టి ఆ సాయంత్రం రిజిస్టరు తెరవలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి అలవాటు కొద్దీ ముందు మీటరు బటన్ నొక్కేశాను, నిన్న ఎంత చూపించిందో అది కాస్తా చెరిగిపోయింది. ఆ తరవాత రిజిస్టరు దేవుడి దగ్గర్నుంచి తీసి, కళ్ళకద్దుకుని, తెరిచాను. నిన్నటి గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి! నా చెయ్యి నన్నడగలేదు. మొన్నటిదీ అటుమొన్నటిదీ చూసి, ఎప్పుడూ అయ్యేంత అంకె ఒకటి అందులో వేసేసింది. మెయిన్ స్విచ్ దించేసిన సంగతి నాకు తెలియదా? తెలుసు. పూరీ కూడా ఇంకా అరగలేదు. అయినా వేశాను. అమ్మాయి నెలాఖరున ఆ రిజిస్టరు చూసి అన్ని అంకెలూ ఎక్కించి, టిక్కు పెట్టి, పేరు కొట్టి పంపేసింది. బాబాయ్ రాసిన అంకెని మళ్ళీ చూడాలని దానికెందుకు అనిపిస్తుంది?

కొన్ని వారాలకి ఒక రోజు మధ్యాహ్నం అది ల్యాప్‌టాప్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. తెర నా వైపు తిప్పి పెట్టింది.

"బాబాయ్, పూజ రోజు ఏటి రాసారు? యాద్ హై?"

"ఏటయిందే?"

"ఆ రోజు కరెంటాఫీసు మీటరులో కుఛ్ నహీ. మన రిజిస్టరులో పూరా దిన్ కా లోడ్. బడా మీటర్‌లో లేనిది ఛోటా మీటర్‌లో కైసే ఆయా అని అడుగుతున్నారు."

కరెంటాఫీసు పెద్ద మీటరులో ఆ రోజు సున్నా, నా రిజిస్టరులో మాత్రం రోజంతా పని నడిచినంత అంకె. వాళ్ళు రాసింది చదివి వినిపించమన్నాను. తప్పుడు సమాచారం ధ్రువీకరించినట్టు అనుమానిస్తున్నారట. పది రోజుల్లో కారణం తేల్చకపోతే సంతకం చేసిన వ్యక్తి పేరు అవిశ్వసనీయుల జాబితాలోకి వెళుతుందట. షెడ్డు పేరు కాదు, ఆర్డరూ కాదు, వ్యక్తి పేరు. ఆ జాబితా ఈ వ్యాపారంలో కొనేవాళ్ళందరూ చూస్తారు. అందులో పేరెక్కితే ఈ లైనులో దానికి ఇంకెక్కడా పని దొరకదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఒక్క అబద్ధమాడిన పాపాన పోలేదు.

నాకు ముందు సిగ్గేసింది. ఆ వెంటనే కోపమొచ్చింది, ఆ కోపం ఇప్పటికీ దిగలేదు. నేను వేసింది తప్పుడు అంకె, ఒప్పుకుంటాను, వందసార్లు ఒప్పుకుంటాను. కానీ ఏ అంకె వేశాను? ఎక్కువ వేశాను! మేం వదలని పొగ వదిలామని రాశాను! లోకంలో ఏ దొంగైనా తను చెయ్యని తప్పు తన మీద వేసుకుని లెక్క రాస్తాడా? తక్కువ వేసి ఉంటే మోసమనండి, చెప్పుతో కొట్టండి. ఒక్క పూట యంత్రానికి పసుపు రాసి, దణ్ణం పెట్టి, బొగ్గు కరెంటు ముట్టకుండా కూర్చున్నామే, ఆ పూట గురించా మమ్మల్ని నిలదీయడం?

మర్నాడు వీడియోలో మాట్లాడించారు. అటువైపు కొనేవాళ్ళ తరఫున ఒక సలహాదారు, ముంబైలో ఉంటాడు, హిందీ వచ్చు. ఇటువైపు యజమాని, అమ్మాయి, నేను. నేనే మొదలుపెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. పూజ, రిజిస్టరు, బటన్, ఖాళీ గడి, ప్లాంటు అలవాటు, అంతా. "తప్పు నాది. ఈ పిల్లకేం తెలీదు. నా పేరు రాసుకోండి మీ జాబితాలో" అన్నాను.

అతను శ్రద్ధగానే విన్నాడు, తప్పు చెప్పకూడదు. విని, "సర్, మీ పేరు సిస్టంలో లేదు" అన్నాడు.

"లేకపోతే ఎక్కించండి."

"ఉద్యోగి కానివాళ్ళని ఎక్కించడానికి వీల్లేదు సర్. సంతకం చేసినవాళ్ళదే బాధ్యత. అంచనా వేసిన అంకెని కొలిచిన అంకె అని ఆవిడ ధ్రువీకరించారు. మీరు ఇప్పుడు చెప్పింది నేను రాస్తే ఆవిడ తప్పు రుజువైనట్టే."

ఇదెక్కడి న్యాయమండీ! తప్పు చేసినవాడు ఎదురుగా కూర్చుని, నేనే చేశాను మొర్రో అంటుంటే, నువ్వు లెక్కలో లేవు పొమ్మంటాడు. "సరే బాబూ, నన్నొదిలేయండి" అన్నాను. "ఈ బ్యాటరీలో సెల్స్ ఓడెక్కి వస్తాయి కదా, అందులో మట్టి ఇంకో ఖండంలో తవ్వుతారు కదా, అక్కడ రోజూ ఎవరు ఏ గడి నింపుతున్నారో ఇలాగే వీడియో పెట్టి అడిగారా? రెండువందల ఏళ్ళు యూరప్ చిమ్నీలు పొగ వదిలాయి కదా, దానికి రిజిస్టరు ఎవరు రాశారు?"

"అది మీ పరిధి కాదు సర్" అన్నాడు. కోపంగా కూడా కాదు. రోజూ చెప్పే మాట చెప్పినట్టు చెప్పాడు.

యజమాని నా మోకాలు నొక్కాడు, ఊరుకోమని. అప్పుడా సలహాదారే గొంతు తగ్గించి ఒక దారి చూపించాడు. కారణం రాసే చోట నాలుగే వాక్యాలుంటాయట, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. కావాలని చేసింది, అజాగ్రత్త, శిక్షణ లేకపోవడం, కొలిచే పరికరం పాడవడం. మొదటి మూడింట్లో ఏది నొక్కినా వ్యక్తి మీదికి వెళుతుంది. నాలుగోది నొక్కితే ఎవరి మీదికీ వెళ్ళదు. "చిన్న మీటరు పెద్ద మీటరు కన్నా ఎక్కువ చూపించింది అంటే, పరికరం పాడైందనే కదా ఎవరైనా అనుకునేది" అన్నాడు. రిజిస్టరు రాసినవారు మీటరు సరిగ్గా పనిచెయ్యలేదని ఒక కాగితం రాసి సంతకం పెడితే జత చేస్తామన్నాడు. నా పేరు సిస్టంలో లేకపోయినా దానికి మాత్రం నా సంతకం పనికొస్తుందట.

"మీటరు బాగానే ఉంది" అన్నాను.

"నేను వినలేదు సర్" అని నవ్వి వీడియో కట్ చేశాడు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మా ఆవిడ కారణం అడిగితే మొత్తం చెప్పాను. "ప్లాంటులో మీరు గడులు నింపలేదేటి? ఇప్పుడేటి కొత్తగా సత్తెం పుట్టుకొచ్చినాది?" అంది.

"అది వేరు. అప్పుడు అంకె అలాగే ఉంటుందని నమ్మి వేశాం. ఇది అబద్ధమని తెలిసి రాయాలి."

"ఆ పిల్ల తల్లికి ఆ తేడా నువ్వెళ్ళి సెప్పు మరి" అంది. కోపమొస్తే మా ఆవిడ మీరు వదిలేసి నువ్వులోకి దిగిపోతుంది. కంచం నా ముందుకి తోసింది.

నేను అప్పటికీ లొంగలేదు. మర్నాడు యజమానితో వాదించాను. జరిగింది తెలుగులో పెద్ద ఉత్తరం రాస్తాను, అమ్మాయి ఇంగ్లీషు చేస్తుంది, పైవాళ్ళకి పంపుదాం, మనుషులే కదా చదువుతారు అన్నాను. రాశాను కూడా. నాలుగు పేజీలు. అమ్మాయి రెండు రోజులు కూర్చుని ఇంగ్లీషు చేసింది. పంపబోతే ఆ పేజీలో కారణం రాసే చోట అక్షరాలు పట్టనే పట్టవు. నాలుగు వాక్యాల్లో ఒకటి నొక్కమని ఎర్రగా వస్తుంది, అంతే. ఈమెయిల్ చేస్తే, ఇలాంటివి పేజీలోనే ఇవ్వండి అని జవాబు దానంతటదే వచ్చింది. మనిషన్నవాడు ఎక్కడా తగల్లేదు. నిజం చెప్పమని ఇంత గోల చేసినవాళ్ళు, నిజం వేసుకోడానికి జానెడు చోటు పెట్టలేదు.

గడువు ఇంకో రోజుందనగా అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నన్ను బతిమాలితే పోట్లాడుదామనుకున్నాను. అది బతిమాలలేదు.

"రహనే దో బాబాయ్. మీరు అబద్ధం రాయకండి. నేను చూసుకుంటాను" అంది.

"ఏటి చూసుకుంటావు?"

"సైన్ నాదే కదా. సరిచూడ్డం నా పనే. నేను సరిచూడలేదు" అంది.

ఎందుకు సరిచూడలేదని నేను అడగలేదు. అడగక్కర్లేదు కూడా. కాగితం తెమ్మన్నాను. ఫలానా చోట బిగించిన మీటరు ఫలానా సమయంలో ఎక్కువ చూపించినట్టు గమనించానని, అది నమ్మదగింది కాదని, ముప్పై నాలుగేళ్ళు ఇదే పనిలో ఉన్న అనుభవంతో చెప్తున్నానని రాసి సంతకం పెట్టాను. నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

గంట తిరక్కుండా జవాబొచ్చింది. విషయం ముగిసిందట. మీ నిజాయితీకీ, పారదర్శకతకీ ధన్యవాదాలట. అమ్మాయి చదువుతూ ఏడ్చేసింది. యజమాని టీ తెప్పించాడు. ఆర్డరు పోతుందేమోనని భయపడ్డ వెల్డర్లలో ఒకరిద్దరు వచ్చి "ఆర్డర్ బచ్ గయా" అని నా చెయ్యి ఊపారు. అన్ని వేల గడులు సరిగ్గా నింపితే ఒక్కడు బాగుందన్న పాపాన పోలేదు. తెలిసి తెలిసి రాసిన ఒకే ఒక్క అబద్ధానికి సముద్రం అవతలి నుంచి ధన్యవాదాలొచ్చాయి.

జవాబు చివర ఒక షరతుంది. పాడైన మీటరు వెంటనే తీసేయాలి, తీస్తుండగా ఫొటో పంపాలి. సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఈ ఊరివాడే, మాటకారి, మీటరు అంటే చెవి ఆనించి వినే రకం. నిచ్చెనెక్కి మూత విప్పి, టెస్టరు పెట్టి, ఒకటికి రెండుసార్లు చూశాడు. పక్కన వెల్డింగు జరుగుతోంది, దానికి తగ్గట్టే అంకె ఒక్కొక్కటే మారుతోంది. అమ్మాయి ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడింది.

అతను నా వైపు తిరిగి "ఏ హా తో బనే చలత్ హే, కకా" అన్నాడు. ఇది బాగానే నడుస్తోంది కదా బాబాయ్ అని.

తీసెయ్యమని చేత్తో చూపిస్తూ "ఖరాబ్ హై. నికాల్ దే" అన్నాను.